ఎక్కడ ఆగారు?

నా దగ్గర రెండు వందల పేజీల రూళ్ల నోట్‌బుక్ ఒకటి ఉంది. పాల లెక్క, ఇస్త్రీ లెక్క రాసుకుందామని కొన్నది. మొదటి రెండు పేజీల్లో పాల లెక్క ఇప్పటికీ అలాగే ఉంది. మూడో పేజీ నుంచి వేరే లెక్క మొదలవుతుంది. మనిషి పేరుకి బదులు సొంతూరు, దాని పక్కన పేజీ నంబరు, ఆ పక్కన ఒక్క ముక్క.

"కర్నూలు – 88 – నిద్ర వచ్చింది."

"నెల్లూరు – 431 – మరీ సాగదీత."

"ఏలూరు – అయిపోయింది – పుస్తకం విసిరికొట్టాను."

బెంగళూరులో మారతహళ్లి దాటాక ఉండే మా అపార్ట్‌మెంట్‌లో ఎనిమిది మంది తెలుగువాళ్లం కలిసి మొదలుపెట్టి దాదాపు ఏడాది పాటు ఒకే రచయిత్రి పుస్తకాలు చదివాం. ఆ లెక్క ఇది. రచయిత్రి పేరు టానా ఫ్రెంచ్. ఐర్లండ్‌లో, డబ్లిన్‌లో ఉంటారు. రాసేవి హత్య కథలే గానీ ఒక్కోటి ఇటుకంత లావు. చీకటిగా ఉంటాయి, నెమ్మదిగా నడుస్తాయి, హంతకుడు దొరికాక కూడా మనసు కుదుటపడదు. "ఇవి చదివి ఏం బావుకుంటారు?" అని మా ఆయన ప్రతి నెలా అడిగారు. ప్రతి నెలా అందరికీ టీ కూడా ఆయనే పెట్టి ఇచ్చారు.

ఇదంతా ఒక వాన వల్ల వచ్చింది. ఒక శనివారం పనుండి చర్చ్ స్ట్రీట్ వెళ్తే మధ్యాహ్నం మూడింటికి ఉన్నట్టుండి మొదలైంది. గొడుగు లేదు. బ్లాసమ్ అనే పుస్తకాల షాపులోకి దూరాను. తడిసిన చెప్పులతో పుస్తకాల మధ్య నిలబడి ఊరికే చూస్తుంటే సెకండ్ హ్యాండ్ అరలో 'ఇన్ ది వుడ్స్' కనిపించింది. వెనక అట్ట చదివాను. 1984 వేసవిలో ఒక సాయంత్రం ముగ్గురు పిల్లలు ఆడుకోవడానికి అడవిలోకి వెళ్తారు. ఒక్కడే దొరుకుతాడు, చెట్టుని కరుచుకుని, బూట్ల నిండా రక్తంతో. ఏం జరిగిందో వాడికి గుర్తుండదు. ఇరవై ఏళ్లకి ఆ పిల్లాడే పేరు మార్చుకుని డబ్లిన్‌లో హత్యల విభాగం డిటెక్టివ్ అవుతాడు. అదే ఊళ్లో, అదే అడవి పక్కన, పన్నెండేళ్ల పాప శవం దొరుకుతుంది. కేసు ఇతని చేతికే వస్తుంది.

వాన తగ్గేసరికి బిల్లు కట్టేశాను.

నాది ఒంగోలు. మా అమ్మ అద్దె పుస్తకాల షాపుకి పర్మనెంట్ గిరాకీ. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్, అసిస్టెంట్ రాజు మా ఇంట్లో చుట్టాలతో సమానం. అన్నయ్య మధుబాబు గారి షాడో పుస్తకాలు లెక్కల నోట్‌బుక్‌లో పెట్టుకుని చదివేవాడు. అప్పట్లో మా ఇంట్లో అన్నిటికన్నా పెద్ద గొడవ ఏమిటంటే, అద్దెకి తెచ్చిన పుస్తకంలో చివరి పేజీ చిరిగిపోయి ఉండటం. అలా జరిగిన రోజు అమ్మ చీర కుచ్చెళ్లు సర్దుకుని షాపుకి వెళ్లి, పోట్లాడి, అద్దె డబ్బులు వెనక్కి తెచ్చేది. డబ్బులతో పాటు ఆ చివరి పేజీలో ఏముందో షాపతని నోటితో చెప్పించుకుని మరీ వచ్చేది.

అలాంటి ఇంట్లో పెరిగినదాన్ని ఈ పుస్తకం చివరికి వచ్చాను. దాదాపు ఆరు వందల పేజీలు. పాపని ఎవరు చంపారో తెలిసింది. ఎందుకో కూడా తెలిసింది, తెలియకపోయినా బాగుండేది. కానీ 1984లో ఆ ఇద్దరు పిల్లలు ఏమయ్యారు? అది చెప్పనే లేదు. పేజీలు ఊడిపోయాయేమోనని కుట్టు దగ్గర వేలు పెట్టి చూశాను. ఊడలేదు. కథ అయిపోయిన చోట, కింద ఖాళీలో ఎవరో నీలం బాల్‌పెన్‌తో కన్నడలో ఒక్క మాట రాసి ఉంది. బస్సు బోర్డులు చూసి నేర్చుకున్న కన్నడం నాది, ఆ అక్షరాలు కూడా మన అక్షరాలకి అక్కచెల్లెళ్లే కాబట్టి కూడబలుక్కున్నాను. "ఇష్టేనా?" ఇంతేనా, అని.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ముక్కూ మొహం తెలియని ఆ కన్నడం మనిషితో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడటానికి లేదనిపించింది. మర్నాటి నుంచి లిఫ్ట్‌లో కనిపించిన ప్రతి తెలుగు మొహాన్నీ అడగడం మొదలుపెట్టాను. "మర్డర్ మిస్టరీలు చదువుతారా?"

ఎనిమిది మంది కుదిరాం. నాలుగో అంతస్తు మాస్టారు ఏలూరులో హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు, కూతురి దగ్గరికి వచ్చి ఉంటున్నారు. నెల్లూరు అక్కది ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం. కర్నూలు కుర్రాడు మా వింగ్‌లోనే ముగ్గురు స్నేహితులతో అద్దెకి ఉంటాడు, నైట్ షిఫ్ట్. విజయవాడ తమ్ముడు, అతని భార్య, వాళ్ల చిన్న పాప. ఇంకా ఇద్దరు ఉండేవాళ్లు, వాళ్లు రెండో నెలకే మానేశారు, వాళ్ల గురించి చెప్పడానికి ఏమీ లేదు. పార్టీ హాలు అడిగితే అసోసియేషన్ వాళ్లు గంటకింత అన్నారు. సరే, టెర్రస్ మీద వాటర్ ట్యాంకు నీడలో కూర్చుందాం అనుకున్నాం. సాయంత్రం అయిదింటికి దోమలు రాకముందు ఒక గంటన్నర దొరుకుతుంది.

మొదటి మీటింగ్‌కి నేను బాగా ప్రిపేరయ్యి వెళ్లాను. ప్రింటవుట్ తీసుకెళ్లాను. ఆమె అమెరికాలో పుట్టారని, చిన్నప్పుడు ఐర్లండ్, ఇటలీ, మలావీ దేశాల్లో పెరిగారని, డబ్లిన్ ట్రినిటీ కాలేజీలో నటన నేర్చుకుని నాటకాల్లో వేషాలు వేశారని, నాటకాలు లేని రోజుల్లో ఒక పురావస్తు తవ్వకంలో పని చేస్తుంటే పక్కనే ఉన్న చెట్లని చూసి, ముగ్గురు పిల్లలు లోపలికి వెళ్లి ఒక్కడే బయటికొస్తే ఎలా ఉంటుందా అనిపించి ఈ కథ పుట్టిందని, 2007లో వచ్చిన ఈ మొదటి నవలకే మిస్టరీ రచనలకిచ్చే ఎడ్గార్ అవార్డు వచ్చిందని చదివాను. ఎవరూ వినలేదు. మిరపకాయ బజ్జీలు వేడిగా ఉన్నాయి.

నోరు ముందు విప్పింది నెల్లూరు అక్క. "ముందు నాకో డౌట్ తీర్చమ్మా. హత్య జరిగితే పోలీసులు రాకుండా సెక్యూరిటీ గార్డులు వచ్చి విచారిస్తారేంటి? అదేం దేశం?"

మాకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఐర్లండ్‌లో పోలీసు శాఖని గార్డా అంటారు, జనం మాటల్లో పోలీసులు 'గార్డ్స్'. అక్క యాభై పేజీల దాకా మా గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చునే సెక్యూరిటీ అతన్ని ఊహించుకుంటూ చదివారట. "అతనికి విజిటర్ పేరు రాసుకోవడమే సరిగా రాదు, వీడు మర్డర్ కేసు ఎలా పట్టాడా అనుకున్నా." ఆ నవ్వుల్లో నేను ఇంకో సంగతి చెప్పాను. పుస్తకంలో ఉన్న 'మర్డర్ స్క్వాడ్' కూడా అక్కడ నిజంగా లేదు, ఆమె కల్పించుకున్నదే. అక్క ఇంకా నవ్వారు. "అంటే గార్డులూ లేరు, స్క్వాడూ లేదు. బాగుంది."

విజయవాడ తమ్ముడికి కథలో పట్టుకున్నది వేరే. శవం దొరికే చోటు ఒక తవ్వకాల స్థలం. దాని మీదుగా మోటార్‌వే వేయబోతున్నారు, కొంతమంది దాన్ని పక్కకి జరపమని ఉద్యమం చేస్తుంటారు. "అక్కా, ఇది మన స్టీల్ ఫ్లైఓవరే కదా" అన్నాడు. 2016లో బసవేశ్వర సర్కిల్ నుంచి హెబ్బాళ దాకా ఉక్కు వంతెన వేస్తామని, అందుకు 812 చెట్లు కొట్టేయాలని అన్నప్పుడు జనం రోడ్డు పక్కన చేయీ చేయీ పట్టుకుని నిలబడ్డారు. 'స్టీల్ ఫ్లైఓవర్ బేడ', అంటే వద్దు, అన్న అట్ట పట్టుకుని తమ్ముడు కూడా నిలబడ్డాడట, అప్పుడు బ్యాచిలరు. మరుసటి ఏడాది మార్చిలో ప్రభుత్వం ఆ ప్రాజెక్టు మానుకుంది. ఇక అక్కడి నుంచి అరగంట సేపు మా చర్చ హెబ్బాళ ట్రాఫిక్ మీదికి పోయింది. పుస్తకాల చర్చల్లో ఇది మామూలే, నేను ఆపడం మానేశాను.

మాస్టారు మాత్రం బజ్జీ ముట్టుకోలేదు. కాసేపు విని, చేతిలో పుస్తకాన్ని ట్యాంకు గట్టు మీద పెట్టారు. పెట్టారు అంటే, కొట్టారు.

"ముప్ఫై నాలుగేళ్లు పిల్లలకి లెక్కలు చెప్పానమ్మా. జవాబు రాని లెక్క ఉండొచ్చు, తప్పులేదు. కానీ జవాబు లేదని ముందు చెప్పాలి. ఈవిడ ఏం చేసింది? ఆరు వందల పేజీలు నాతో లెక్క చేయించి, చివర్లో పలక తుడిచేసింది."

ఆయన చొక్కా జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశారు. పెన్సిలుతో క్లూలన్నీ వరసగా రాసుకున్నారు. రక్తం ఎవరిది, బూట్లలోకి ఎలా వచ్చింది, అడవిలో వినిపించిన శబ్దం ఏమిటి. పక్కన పేజీ నంబర్లు. కొన్నిటికి టిక్కులు, కొన్నిటికి ప్రశ్నార్థకాలు. ప్రశ్నార్థకాల్లో కొన్ని కాగితం చిరిగేంత గట్టిగా దిద్ది ఉన్నాయి.

"కథ చెప్పేవాడు నేను అబద్ధాలాడతానని మొదట్లోనే ఒప్పుకుంటాడు కదా మాస్టారూ" అన్నాను.

"అబద్ధమాడేది వాడు. రాసింది ఈవిడ."

నా దగ్గర జవాబు లేకపోయింది. ఇప్పటికీ లేదు. ఆ పుస్తకం అంటే నాకు ఎంతో ఇష్టమైనా, మాస్టారి ఫిర్యాదు న్యాయమైనదేనని నా ఉద్దేశం.

కర్నూలు కుర్రాడు పుస్తకం 88వ పేజీలో వదిలేసి సీరియల్ చూసి వచ్చాడు. 2019లో బీబీసీ వాళ్లు మొదటి రెండు నవలల్నీ కలిపి 'డబ్లిన్ మర్డర్స్' అని ఎనిమిది ఎపిసోడ్లు తీశారు. మాస్టారు వాడివైపు ఆశగా తిరిగారు. "అందులోనైనా చెప్పారా?"

"లేదు మాస్టారూ. దాంట్లోనూ చెప్పలేదు."

మాస్టారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. అప్పుడు ఒక బజ్జీ తీసుకున్నారు.

ఆ రోజు నన్ను అందరూ కలిసి తిట్టారు. తెలిసి తెలిసి ముందు ఎందుకు చెప్పలేదని. తప్పు నాదే అనుకుని, తర్వాత వచ్చి చేరినవాళ్లకి పుస్తకం ఇచ్చేటప్పుడు మొదటి పేజీకి ఒక పసుపు చీటీ అంటించాను. "పాత కేసు తేలదు. తెలిసి మొదలుపెట్టండి." ముగ్గురు ఆ చీటీతో చదివారు. ముగ్గురూ ప్రశాంతంగా పూర్తి చేశారు, ఎవరూ ఏమీ విసిరికొట్టలేదు. కానీ వాళ్లని అడిగితే చెప్పడానికీ ఏమీ లేదు. అందులో ఒకావిడ అన్నారు, "ఎలాగూ తేలదన్నారుగా, అందుకని ఆ చిన్నప్పటి భాగాలు వచ్చినప్పుడల్లా పేజీలు తిప్పేశానండీ." నాకు ప్రాణం ఉసూరుమంది. నాకు ఆ పుస్తకంలో అన్నిటికన్నా నచ్చినవి ఆ పేజీలే. ముగ్గురు పిల్లలు, గోడ దూకడం, సెలవులు ఎప్పటికీ అయిపోవన్నట్టు ఉండే ఎండ. చీటీ పీకేశాను. అయినా ఇప్పుడు మీకు చెప్పేశాను. ఇది రాయాలంటే అది చెప్పకుండా కుదరలేదు.

నోట్‌బుక్ రెండో నెలలో మొదలైంది. అందరూ "బాగుంది గానీ లెంత్ ఎక్కువ" అనే ఒకే మాట అంటుంటే, అసలు ఎక్కడ ఎక్కువైందో తెలుసుకుందామని నేనే పెట్టిన రూలు. పూర్తి చేయకపోయినా ఫర్వాలేదు, సిగ్గుపడక్కర్లేదు, ఎక్కడ ఆగారో రాయండి, ఎందుకో ఒక ముక్క రాయండి. ఎడిషన్లు వేరువేరు కాబట్టి పేజీలు ఒకదానికొకటి కలవవు. అయినా సరే.

అందులో నెల్లూరు అక్క రాసిన లైను నన్ను తొలిచేసింది. 431 – మరీ సాగదీత. సాగదీత అనేవాళ్లు నూటయాభై దగ్గర ఆగాలి. నాలుగు వందల ముప్ఫై పేజీలు చదివి, ఇంకో నూటయాభై పేజీల్లో అయిపోయేదాన్ని పక్కన పెట్టడం ఏమిటి?

ఆ వారమే గేటు బయట కూరగాయల బండి దగ్గర కలిశారు. నేను బీరకాయలు ఏరుతున్నాను. అక్క కొత్తిమీర కట్ట ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తున్నారు. పుస్తకం ఊసు నేను ఎత్తలేదు, ఆవిడే ఎత్తారు.

"ఆ కాసీ పిల్ల ఉంది చూడు" అన్నారు.

కాసీ అంటే కాసీ మాడక్స్, కథ చెప్పే డిటెక్టివ్ రాబ్‌కి జోడీ. నవలలో చాలా భాగం వీళ్లిద్దరి స్నేహమే. ఒకే మాట మీద ఇద్దరికీ నవ్వొచ్చే స్నేహం. ఒక రాత్రి ఆ స్నేహం గీత దాటుతుంది. మర్నాటి నుంచి అతను ఆమె మొహం చూడడు.

"మా ఆఫీసులో ఒకతను ఉండేవాడమ్మా. నువ్వనుకునేది కాదు, అలాంటిదేం లేదు. ఆరేళ్లు ఒకే బల్ల మీద బాక్సులు విప్పుకున్నాం. నా చారు అతనికి, వాళ్లావిడ చేసిన గోంగూర నాకు. నాకు ప్రమోషన్ వచ్చింది, అతనికి రాలేదు. మర్నాడు బాక్సు పట్టుకుని కిటికీ పక్క బల్ల దగ్గరికి వెళ్లి కూర్చున్నాడు. ఒక్క మాట లేదు. నేనేం చేశానో ఇప్పటికీ తెలియదు." కొత్తిమీర కట్ట బండి మీద పెట్టేశారు. "ఆ పుస్తకంలో వాడు అలా చూపు తిప్పుకోగానే మూసేశాను. అది రాస్తారా ఏంటి నోట్‌బుక్‌లో? సాగదీత అని రాశా."

అప్పటి నుంచి నేను మూడో గడిని నమ్మడం మానేశాను. అందరికీ ఇలా ఏదో ఒకటి ఉంటుందని మాత్రం అనుకోకండి. నేనూ మొదట అలాగే అనుకుని కర్నూలు కుర్రాడిని వేధించాను. "88లో ఏముందో చెప్పు, నిజం చెప్పు." పాపం వాడు తల గోక్కున్నాడు. "అక్కా, పొద్దున ఏడింటికి షిఫ్ట్ అయి వచ్చి పడుకుని చదువుతా. ఎవరి పుస్తకమైనా 88లోనే నిద్రొస్తది." వాడి నిద్ర నిజంగా నిద్రే.

ఆ కుర్రాడే రెండో పుస్తకం 'ది లైక్‌నెస్' ఆఖరి పేజీ దాకా చదివాడు. అది మొదటిదానికన్నా లావు. ఈమె మొదటి ఆరు నవలల్లో ఒక పద్ధతి ఉంది. ఒకదాంట్లో పక్కన ఉన్న పాత్ర తర్వాత ఇంకోదాంట్లో కథ చెప్పే మనిషి అవుతుంది. ఇందులో కాసీ చెబుతుంది. హత్యకి గురైన అమ్మాయి అచ్చం కాసీలాగే ఉంటుంది. ఆ అమ్మాయి బతికే ఉందని నమ్మించి, ఆమె స్థానంలో కాసీని ఆమె స్నేహితుల ఇంట్లోకి పంపుతారు. ఈ పుస్తకం మీద బయట పాఠకులు ఎక్కువగా తప్పుబట్టేది దీన్నే. రూపం ఒకటే అయితే మాత్రం, ఒకే ఇంట్లో ఉండేవాళ్లు కనిపెట్టలేరా? ఎలా నమ్మాలి? నేను ఆ ప్రశ్నకి సిద్ధపడి వెళ్లాను. మా టెర్రస్ మీద ఒక్కరంటే ఒక్కరు ఆ మాట ఎత్తలేదు. నేనే ఉండబట్టలేక అడిగితే మాస్టారు ఆశ్చర్యపోయారు. "డబుల్ యాక్షనే కదమ్మా. ఇందులో నమ్మకపోవడానికేముంది?" పుట్టిన దగ్గర్నుంచి డబుల్ యాక్షన్ సినిమాలు చూసినవాళ్లం, పుట్టుమచ్చ పెట్టుకుంటే హీరోని తల్లే పోల్చుకోలేకపోవడం మాకు కొత్త కాదు.

కర్నూలు కుర్రాడిని పట్టింది మాత్రం ఆ ఇల్లు. అయిదుగురు స్నేహితులు ఒక పాత బంగళాలో కలిసి వండుకుని, కలిసి చదువుకుని, బయట ప్రపంచం వద్దనుకుని బతుకుతుంటారు. "మా రూమే అక్కా. మేం కూడా అట్లనే అనుకున్నాం, ఎవడూ పెళ్లి చేసుకుని పోవద్దని." నవ్వుతూనే చెప్పాడు. ఆ నెలలోనే వాళ్ల నలుగురిలో ఒకడు ఖాళీ చేశాడని తర్వాత తెలిసింది.

'ఫెయిత్‌ఫుల్ ప్లేస్' గురించి చెప్పాలంటే, అది అందరూ రెండు వారాల్లో పూర్తి చేశారు. నోట్‌బుక్‌లో అన్నీ 'అయిపోయింది'లే. డబ్లిన్‌లో లిబర్టీస్ అనే పాత బస్తీ. 1985 డిసెంబరులో ఒక అబ్బాయి, అమ్మాయి ఇంగ్లండ్‌కి లేచిపోదామనుకుంటారు. అబ్బాయి అర్ధరాత్రి వీధి చివర నిలబడతాడు, అమ్మాయి రాదు. తనని వదిలేసి వెళ్లిపోయిందనుకుని అతనూ ఇల్లు వదిలేస్తాడు. ఇరవై రెండేళ్లకి ఆ వీధిలోని పాడుబడ్డ ఇంట్లో ఆమె సూట్‌కేసు దొరుకుతుంది. అప్పటికి పోలీసైన అతను అంతకాలానికి మళ్లీ ఆ గడప తొక్కాలి. తాగుబోతు నాన్న, నోటితోనే చంపే అమ్మ, తనతో కలిపి అయిదుగురు అన్నదమ్ములూ అక్కచెల్లెళ్లూ.

ఆ మీటింగ్‌లో ఎవరు చంపారన్న మాటే రాలేదు. గంటన్నర పాటు ఆ అమ్మ గురించే. కొడుకు అన్నేళ్ల తర్వాత వస్తే కళ్లనీళ్లు పెట్టుకోకుండా దెప్పిపొడుపుతో మొదలుపెట్టే అమ్మ. విజయవాడ తమ్ముడి భార్య అప్పటిదాకా పెద్దగా మాట్లాడేది కాదు. ఆ రోజు మాత్రం, "మా అత్తయ్యగారు ఇంగ్లీషులో మాట్లాడితే ఇలాగే ఉంటుంది" అంది. తమ్ముడు వాటర్ ట్యాంకు వైపు చూశాడు. దోమలు వచ్చాయి, అయినా ఎవరూ లేవలేదు. మా వాళ్లందరికీ ఇదే బెస్టు. నాకు కాదు. ఇది చదువుతుంటే ఊపిరి ఆడుతుంది, మొదటిది చదువుతుంటే ఆడదు. నాకు ఆడనిదే కావాలి. ఈ విషయంలో నేను మైనారిటీ.

'ది విచ్ ఎల్మ్' ఎవరికీ నచ్చలేదు. ఆ మీటింగ్ నలభై నిమిషాల్లో ముగిసింది. చెట్టు తొర్రలో పుర్రె దొరికేసరికే చాలా పేజీలు అయిపోతాయని, కథ చెప్పే టోబీకి అన్నీ అమరిన జీవితమని, వాడి కష్టాలు మనకెందుకని అన్నారు. 'ది సెర్చర్' మాత్రం మాస్టారికి తెగ నచ్చింది. షికాగోలో పోలీసు ఉద్యోగం వదిలేసి ఐర్లండ్ పల్లెటూరికి వచ్చిన మనిషి పాత బల్లకి చిత్రిక పడుతూ, చెట్టు మీది కాకులతో మాట్లాడుతూ ఉంటాడు. హత్య సంగతి అడిగితే మాస్టారు, "ఉందమ్మా, ఏదో ఉంది" అన్నారు. "అతను ఆ బల్ల సొరుగులు సరిచేసే తీరు చూశావూ?" క్లూల కాగితం ఈసారి తీయలేదు, అసలు రాసుకోలేదట.

ఇవన్నీ ఒక ఎత్తు. 'బ్రోకెన్ హార్బర్' ఒక్కటీ ఒక ఎత్తు.

దాన్ని ఎంచుకునేటప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించాల్సింది. డబ్లిన్‌కి దూరంగా సముద్రం పక్కన ఒక కొత్త వెంచర్. బ్రోషర్లో స్వర్గం. 2008లో అక్కడ ఇళ్ల బుడగ పేలిపోయాక సగం కట్టి వదిలేశారు. బిల్డర్ లేడు, వీధిదీపాలు లేవు, పక్కిళ్లకి కప్పులు లేవు. అందులో ఒక చక్కటి కుటుంబం, భార్య, భర్త, ఇద్దరు పిల్లలు. భర్త ఉద్యోగం పోయింది. హత్యలు జరిగాయని పోలీసులు వచ్చేసరికి శుభ్రంగా సర్దిన ఆ ఇంట్లో గోడలకి అక్కడక్కడా రంధ్రాలు కొట్టి ఉంటాయి, వాటికి ఎదురుగా చంటిపిల్లల మీద కన్నేసి ఉంచే బేబీ మానిటర్లు అమర్చి ఉంటాయి. ఎవరు కొట్టారు, దేనికోసం, అన్నది కథ.

విజయవాడ తమ్ముడు సర్జాపూర్ వైపు ఫ్లాట్ బుక్ చేశాడు. మాకందరికీ తెలుసు. పొసెషన్ ఎప్పుడో రావాలి. ఇక్కడ అద్దె కడుతున్నాడు, అక్కడ లోను వాయిదా కడుతున్నాడు, బిల్డర్ల మీద ఫిర్యాదులు వినే రెరాలో కేసు వేశాడు, వాయిదాలకి సెలవు పెట్టి వెళ్తున్నాడు. బిల్డర్ పేరు చెప్పను, చెప్పినా ఒకటే, చెప్పకపోయినా ఒకటే. ఒక ఆదివారం మమ్మల్నందర్నీ తీసుకెళ్లి చూపించాడు కూడా. తొమ్మిదో అంతస్తులో వాళ్ల ఫ్లాటు. లిఫ్టు గుంత మాత్రం ఉంది. మెట్లెక్కి వెళ్తే, గోడలకి ప్లాస్టరింగ్ కాలేదు, స్విచ్‌బోర్డులు రావలసిన చోట చతురస్రాలు కొట్టి ఉన్నాయి. వాళ్ల పాప ఒక్కో రంధ్రంలో చెయ్యి పెట్టి "ఉఁహుఁ" అనుకుంటూ ఇల్లంతా తిరిగింది.

మీటింగ్‌కి అందరికన్నా ముందు అతనే వచ్చాడు. ఎన్నడూ లేనిది, నాలాగా ప్రింటవుట్ తెచ్చుకున్నాడు. "అక్కా, 2010లో లెక్కేస్తే ఆ దేశంలో సగంలో ఆగిపోయిన వెంచర్లు 2,800కి పైన ఉన్నాయంట. దేశం మొత్తం జనాభా మన బెంగళూరులో సగం లేదు." అందరం విన్నాం. ఆ రోజు కూడా బజ్జీలు ఉన్నాయి, ఎవరూ ముట్టుకోలేదు.

ఎంతవరకు చదివావని అడిగాను. "చదువుతున్నా" అన్నాడు. మిగతావాళ్లం ఆ ఇంటాయన మీద వాదించుకున్నాం. ఉద్యోగం పోయిన సంగతి బయట ఎవరికీ తెలియకుండా, అన్నీ మామూలుగానే ఉన్నట్టు కనిపించాలని పడే తాపత్రయం నాకు అర్థమైందన్నాను. నెల్లూరు అక్క ఆ ఇల్లాలి వైపు మాట్లాడారు. తమ్ముడు వింటూ కూర్చున్నాడు. చివర్లో నోట్‌బుక్ అందుకుని "విజయవాడ – 267" అని రాశాడు. మూడో గడి ఖాళీగా వదిలి పెన్ను మూత పెట్టాడు. నేనేం అనలేదు.

నాలుగు రోజుల తర్వాత అతని భార్య వచ్చింది, పుస్తకాన్ని పాత పేపర్లో చుట్టుకుని. లోపలికి రమ్మంటే రాలేదు, గుమ్మం దగ్గరే నిలబడింది.

"ఇది మీ దగ్గరే ఉంచండక్కా. రాత్రిళ్లు లేచి కూర్చుంటున్నారు. అందులో ఆయన అటక మీద ఏదో తిరుగుతోందని వింటూ ఉంటాడట కదా. ఈయనా వింటున్నారు. మా పైఇంటివాళ్లు కుర్చీ జరిపినా లేస్తున్నారు." కాసేపు ఆగి, "తాళాలు వచ్చాక చదువుతారట" అంది.

పుస్తకం బీరువా పైన పెట్టాను. తర్వాత నెల మీటింగ్‌కి వాళ్లు రాలేదు. ఆ పై నెల నేను ఊళ్లో లేను. మొన్న లిఫ్ట్‌లో తమ్ముడు కనిపించాడు, చేతిలో హెల్మెట్, మెళ్లో ఆఫీసు కార్డు. రెరాలో మళ్లీ వాయిదా పడిందన్నాడు. వాళ్ల పాప స్కూల్లో చేరిందన్నాడు. మా ఫ్లోర్ వచ్చింది. నేను దిగాక తలుపు మూసుకోబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అక్కా, ఆ పుస్తకం ఎవరికైనా ఇచ్చారా?"

"లేదు, అక్కడే ఉంది."

"ఇవ్వొద్దు. ఇచ్చినా అందులో ఉన్న కాగితం మాత్రం తియ్యొద్దు."

ఇంటికొచ్చి స్టూలు వేసుకుని దించి చూశాను. 267వ పేజీ దగ్గర, నాలుగు మడతలు పెట్టి ఉంది, బిల్డర్ పంపిన డిమాండ్ నోటీసు.